ఫొటో చూసిన పిల్ల

మీడియా సిద్ధాంతాల పుస్తకాలు రాసినవాళ్ళెవరూ మా ఊళ్ళో ఒక్క వారం కూడా ఉండి ఉండరు. ఉంటే అంత నిమ్మళంగా రాసేవారు కాదు. ప్రచారం సూదిమందులా జనం ఒంట్లోకి తిన్నగా ఎక్కుతుందని ఒకాయన అంటాడు. కాదు, ముందు నలుగురు పెద్దమనుషులకి చేరి, వాళ్ళ నోటి మీదుగా మిగతావాళ్ళకి పాకుతుందని ఇంకొకాయన దిద్దుతాడు. పదిమందీ ఒక మాట మీద ఉన్నారనిపిస్తే, కాదని తెలిసినవాడు కూడా నోరు మూసుకుంటాడని మరొకావిడ పెద్ద పుస్తకమే రాసింది. అందరూ చీమల గురించి చెప్పినంత చల్లగా చెబుతారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ పేజీలు తిప్పితే ఒళ్ళు మండుతుంది. అవన్నీ నా మీదే జరిగాయి.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన రోజులు. నేను రాజమండ్రిలో జర్నలిజం ఎమ్మే చదువుతున్నాను. మాది రావులపాలెం దగ్గర సంత ఊరు. పొద్దున్నే బస్సెక్కి జొన్నాడ వంతెన దాటడం, సాయంత్రం మళ్ళీ అదే వంతెన మీదుగా ఇంటికి రావడం. నాన్నగారిది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. ముందు కొట్టు, మధ్యలో ఒక కర్టెను, వెనక ఇల్లు. గృహప్రవేశానికో పెళ్ళికో ఇచ్చే బిందె మీద ఇచ్చినవాళ్ళ పేరు చెక్కించుకోకపోతే మావాళ్ళకి తోచదు. ఎవరింట్లో ఏ గిన్నె ఎవరిచ్చారో తిరగేసి చూస్తే తెలిసిపోవాలి. ఆ పేర్లు చెక్కే మిషను రొద వింటూనే నేను పెరిగాను. ఆడపిల్లకి ఎమ్మే ఏంటండీ అని బేరానికొచ్చినవాళ్ళు అడిగితే నాన్నగారు నవ్వి, చదువుకోనివ్వండి అనేవారు. అంతకుమించి ఎవరితోనూ వాదించేవారు కాదు. కొట్టుకొచ్చినవాళ్ళ మాటకి ఎదురు చెప్పడం ఆయన ఎరగరు.

చివరి సెమిస్టరులో ప్రాజెక్టు ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండేళ్ళ చదువూ గోదాట్లో కలిసినట్టే. అప్పుడే స్నేహాల వెబ్‌సైటొకటి కాలేజీ కుర్రకారుకి పిచ్చెక్కిస్తోంది. పేరెందుకు లెండి, ఇప్పుడది లేదు కూడా. మా మేడం దాన్నే టాపిక్కుగా ఇచ్చారు. మన జిల్లా పిల్లల మీద ఆ సైటు ప్రభావం ఏమిటో మీడియా సిద్ధాంతాల సాయంతో చెప్పాలి. నేను ఎగిరి గంతేశాను. కాలేజీ ఐడీ కార్డు మీదున్న ఫొటోనే పెట్టి నాకూ ఒక పేజీ తెరిచాను. మా బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, మా ఊరివాళ్ళవీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళవీ పేజీలు వరసపెట్టి చూసేదాన్ని. ఆడపిల్లలవీ చూశాను, మగపిల్లలవీ చూశాను. ఎవరు ఎవరికి ఏం రాస్తున్నారు, ఎందుకు రాస్తున్నారు, అదీ నా పని. అన్నీ అందరికీ కనపడేలా వాళ్ళు పెట్టుకున్నవే.

ఆ సైటుకి ఒక గుణం ఉండేది. మీ పేజీ ఎవరు చూశారో ఫొటోతో సహా మీకు చూపించేది. కావాలంటే అది కనపడకుండా ఆపుకోవచ్చు. నేను ఆపలేదు. చాటుగా ఉండి మనుషుల్ని చూడడం పరిశోధనలో మర్యాద కాదని మాకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు. నాకది సబబనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది.

అయితే మా ఊళ్ళో ఫొటో అంటే ఫొటో కాదు. సంబంధాలప్పుడు ఆడపిల్ల ఫొటో కవర్లో పెట్టి పంపిస్తారు. అవతలింట్లో అమ్మమ్మ దగ్గర్నుంచి పనిమనిషి దాకా అందరూ చూస్తారు, ముక్కు మీదా రంగు మీదా మాట్లాడతారు, నచ్చకపోతే టీవీ మీద పడేసి మర్చిపోతారు. అదేం తప్పు కాదు. ఫొటో చూసి నచ్చితే మాట్లాడుకోవడానికి పెద్దవాళ్ళు వస్తారు. మగపిల్లవాడి ఫొటో ఆడపిల్ల చేతికొచ్చిందంటే మాటలు దాదాపు ముగిసినట్టే. అంతకుముందు ఆడపిల్ల తనంతట తాను మగపిల్లవాడి ఫొటో చూస్తే దాన్నేమంటారో మా ఊరికి తెలీదు. దానికో పేరు పెట్టాల్సిన అవసరం నా వల్లే వచ్చింది.

మా వీధి చివర బట్టల కొట్టు పెద్దాయన ఉండేవారు. బజారులో తగవులు తీర్చేది ఆయనే. చుట్టం కాదు గానీ ఊహ తెలిసినప్పటి నుంచీ నేను బాబాయిగారూ అనే పిలిచేదాన్ని. ఆయన కొడుకు ఇంజనీరింగ్ చదివి ఇంటి దగ్గర ఖాళీగా ఉండేవాడు. మా ఇంట్లో సంక్రాంతి అరిసెలు తిని, చెల్లెమ్మా ఇంకొకటి వెయ్యి అన్నవాడే. ఆ సైటులో అతని పేజీ కూడా నేను చూశాను, అందరివీ చూసినట్టే, ఒక్కసారి. అతని పేజీలో నా ఫొటో పడింది. అతను దాన్ని స్నేహితులకి చూపించాడు, వాళ్ళు వాళ్ళవీ తెరిచి చూసుకున్నారు. నాదీ చూసింది, నాదీ చూసింది అని సెంటర్లో ఒకటే సంబరమట. చివరికి ఆ కబురు బాబాయిగారి భోజనం బల్ల దాకా వెళ్ళింది.

ఒక సాయంత్రం ఆయన మా కొట్టుకొచ్చారు. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. చేదు కబురు మోసుకొచ్చేటప్పుడు ఆయన చేతిలో తీపి ఉండాల్సిందే. నేను కర్టెను వెనక కూరగాయలు తరుగుతున్నాను.

“ఏమీ అనుకోకండేం. మీ అమ్మాయి మావాడి ఫొటో చూసిందటండి. ఒక్క మావాడిదే అయితే నా కడుపులో పెట్టుకుందును. ఊళ్ళో కుర్రాళ్ళందరివీ చూసిందట. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనండి. మీకు తెలియనిదేముంది.”

ఆ సామెత కనిపెట్టినవాడెవడో కచ్చితంగా ముల్లే అయి ఉంటాడు. ఏమీ అనుకోకండి అని మొదలుపెట్టి మనిషి పరువు తీసెయ్యడం మా గోదావరివాళ్ళకే చాతనవును. తిడితే తిరిగి తిట్టొచ్చు. అండీ గారూ అంటూ పీక నొక్కేవాణ్ణి ఏం చేస్తాం? నాన్నగారు ఆయనకి టీ తెప్పించారు కూడా.

ఆయన వెళ్ళాక నాన్నగారు లోపలికొచ్చి, ఎవరి ఫొటోలైనా చూశావా అమ్మా అని అడిగారు. చూశాను, ప్రాజెక్టు కోసం అన్నాను. ఆయనకి ఇంటర్నెట్ అంటే ఏంటో తెలీదు. ఎక్కడో ఎవరింట్లోనో ఆల్బమ్ తిరగేశాననుకున్నారు. కొన్నాళ్ళు కాలేజీ మానెయ్యి అన్నారు. కొన్నాళ్ళు మానేస్తే ప్రాజెక్టు గడువు దాటిపోతుందని చెప్పాను. ఆయన కొట్లోకి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి నేను గడప దాటలేదు. అమ్మ పూతరేకుల డబ్బా ముందు పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

ఊళ్ళో కంప్యూటరున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ సైటుని కళ్ళతో చూసినవాళ్ళు ఆడామగా కలిపి బహుశా నలభై మంది. కానీ కూరల బజారులో తోటకూర అమ్మే ఆవిడకి కూడా నా సంగతి తెలుసు. పుస్తకంలో దాన్ని రెండంచెల ప్రసారం అన్నారు. పెద్దమనిషిని అభిప్రాయ నాయకుడన్నారు. నాయకుడంట. ఆయన ఆ సైటు చూడనే లేదు. కొడుకు మాట విన్నాడు, పూతరేకులు కొన్నాడు, అంతే. ఆయన చెప్పాడు కాబట్టి అది నిజమైపోయింది.

నోళ్ళున్నవాళ్ళ సంగతి సరే, నిజం తెలిసినవాళ్ళ మాటేమిటి? ఇంటర్నెట్ సెంటరాయనకి తెలుసు. నా పక్కన నోట్సు పరుచుకుని ఏం రాసుకునేదాన్నో రోజూ చూసినవాడే. మా వీధిలో నాతో డిగ్రీ చదివిన అమ్మాయిలకి తెలుసు. వాళ్ళ పేజీలూ చూశాను, వాళ్ళని అడిగి కూడా రాసుకున్నాను. ఒక్కొక్కరే మా పెరటి గుమ్మం దాకా వచ్చి, నువ్వలాంటిదానివి కాదని మాకు తెలుసు అని గుసగుసగా చెప్పి వెళ్ళారు. మరి ఆ మాట వీధిలో చెప్పరేం అంటే, మనకెందుకులే అన్నారు. నాకు చెప్పి ఏం లాభం? నేనలాంటిదాన్ని కాదని నాకు తెలీదా? ఉక్రోషంతో మా మేడంకి ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, భలే ఉదాహరణ దొరికిందే, కానీ నీ సొంత సంగతి రాయకు, ఆబ్జెక్టివిటీ పోతుంది, గడువు మాత్రం దాటనివ్వకు అన్నారు. 

చివరికి నాన్నగారినే అడిగాను. ఆ ఫొటోలేవో మీ కళ్ళతో ఒక్కసారి చూడండి, చూశాక కూడా మానెయ్యమంటే పూర్తిగా మానేస్తాను అన్నాను. ఆయన మధ్యాహ్నం భోజనానికి కొట్టు మూశాక నాతో బయల్దేరారు. సెంటరు బయట చెప్పులు విడిచి లోపలికొచ్చారు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నేను చూసిన పేజీలు కొన్ని చూపించాను, నేను రాసుకున్న కాగితాలు పక్కన పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కొత్త సరుకు వస్తే చూసినట్టు నిదానంగా అన్నీ చూశారు. ఆ తర్వాత నా పేజీ తెరిచాను. ఇల్లు కదలకుండా కూర్చున్న ఆ రోజులన్నిట్లో నా ఫొటో ఎవరు చూశారో అందులో ఉంది. అన్నిటికన్నా పైన నా అరిసెల అన్నయ్య. అంతకుముందు నేను తెరిచినప్పుడల్లా కూడా అతనే ఉండేవాడు.

నాన్నగారు తెరకి దగ్గరగా వంగారు. “ఇతను మన బట్టల కొట్టు వాళ్ళబ్బాయి కదా. ఎందుకు చూస్తున్నాడు?”

“ఏమో నాన్నగారూ. అతనికి ప్రాజెక్టైతే లేదు.”

తిరిగొచ్చేటప్పుడు దార్లో, నాకర్థమైందమ్మా, నీ తప్పేమీ లేదు అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. అయితే రేపటి నుంచి కాలేజీకి వెళ్ళనా అని అడిగాను.

“నాకర్థమైతే సరిపోతుందా? ఇన్నేళ్ళూ అన్ని గిన్నెలకీ మూతలమ్మాను గానీ, ఊరి నోటికి మూత ఎక్కణ్ణించి తేను?”

అప్పుడొచ్చింది నాకు అసలు కోపం. నన్ను నమ్మని ఊరి మీద రాలేదు అంత కోపం. నమ్మి కూడా నోరు విప్పని మనిషి మీద వచ్చింది. ఆ మౌనం పుస్తకం రాసినావిడ, తెలిసీ మాట్లాడనివాడు మన ఇంట్లోనే, మన కంచం పక్కనే కూర్చుని అన్నం తింటుంటే ఎలా ఉంటుందో ఎక్కడా రాయలేదు. నేను ఆ పూట అన్నం ముట్టలేదు. ఆయనా సరిగ్గా తినలేదు.

ఆ వారంలోనే, ప్రాజెక్టు గడువు నెత్తి మీదకొచ్చినప్పుడు, బాబాయిగారు మళ్ళీ కొట్టుకొచ్చారు. వాళ్ళ బావమరిది గృహప్రవేశానికి ఇత్తడి బిందె కావాలట. సంత రోజు. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు గిన్నెలు మోగించి చూసుకుంటున్నారు. ఆయన బిందె ఏరి, పేరు చెక్కమని ఇచ్చి, బల్ల మీద కూర్చుని అందరికీ వినపడేలా, అమ్మాయి ఇంటిపట్టునే ఉంటోందా, మంచిపని చేశారండి అన్నారు. నాన్నగారు తలెత్తకుండా మిషను నడుపుతున్నారు.

నేను గ్లాసుతో మంచినీళ్ళు తీసుకుని కర్టెను దాటి బయటికొచ్చాను.

“మావయ్యగారూ, మంచినీళ్ళు తీసుకోండి.”

ఆయన చెయ్యి గ్లాసు దాకా వచ్చి ఆగింది. “మావయ్యేంటమ్మా, బాబాయిని కదా.”

“ఏమీ అనుకోకండేం. మీ అబ్బాయిగారు రోజూ నా ఫొటో చూస్తున్నారండి. నేను ఒక్కసారి చూస్తేనే ఊరంతా తెలిసింది. ఆయన రోజూ చూస్తుంటే కనీసం మీకైనా తెలియాలి కదా. ఫొటో చూశాక మాట్లాడుకోవడానికి రావడం మన పద్ధతి. ఎప్పుడొస్తారో అడగమన్నారు మా నాన్నగారు.”

గిన్నెల మోత ఆగిపోయింది. బాబాయిగారి మొహం కందగడ్డలా అయింది. ఆయన నన్ను వదిలేసి నాన్నగారి వైపు తిరిగి, మీరడగమన్నారా ఇలాగ, అన్నారు.

నాన్నగారు అడగమనలేదు. చిన్నపిల్ల, ఏమీ అనుకోకండి అని ఆయన చేతులు జోడిస్తారని నాకు తెలుసు. జీవితమంతా ఆయన చేసింది అదే. ఆయన మిషను ఆపారు. ఇత్తడి పొడి అంటిన వేళ్ళు పంచెకి తుడుచుకున్నారు.

“అవునండి. నేనే అడగమన్నాను,” అన్నారు. “మీ అబ్బాయి చూడడం నా కళ్ళతో నేను చూశానండి.”

బాబాయిగారు లేచి, కండువా సర్దుకుని, బిందె అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయారు. గిన్నెలు చూస్తున్న ఆడవాళ్ళలో ఒకావిడ గట్టిగా దగ్గి, ఈ పెద్ద గిన్నె ఎంతండీ అని అడిగింది. నాన్నగారు ఆవిడకి ధర చెప్పారు.

బిందె మీద ఆయన ఇంటిపేరు సగం దాకా చెక్కి ఉంది. నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదింక ఎవరికీ పనికిరాదు అనుకుంటూ బల్ల కింద పెట్టారు. నా మొహం వైపు చూడకుండానే అడిగారు.

“రేపు ఏ బస్సుకమ్మా?”