శుభ్రమైన గాలిలో నా వాసన

డెబ్బైల చివర మిషిగన్‌లో నేను రెండేళ్ళు ఒక ప్లాస్టిక్ సంచిలో బతికాను. మాటవరసకి చెప్పడం లేదు. యూనివర్సిటీ బేస్‌మెంట్‌లో, కిటికీ లేని గదిలో, మనిషి నిలబడగలిగేంత సంచి ఒకటి వేలాడేది. అందులో వడగట్టిన గాలి నింపి, కాస్త ఓజోన్ కలిపి, దీపాలు వేసి, గాలిలో కొత్త కణాలు పుడతాయో లేదో లెక్కపెట్టడం నా పని. ప్రతి ప్రయోగానికీ ముందు జిప్ తీసి లోపలికి దూరి గోడలు తుడవాలి.

అంత శుభ్రమైన గాలిలో ఏమీ పుట్టకూడదు. నాకు మాత్రం పుట్టేవి. దీపాలు వేసిన అరగంటకల్లా కణాలు లెక్కపెట్టే యంత్రం మీద ముల్లు పైకి పాకేది. తమాషా ఏమిటంటే, హైవే పక్కనుంచి మురికి గాలి తెచ్చి నింపిన రోజున కొత్తవి పెద్దగా పుట్టేవి కావు. శుభ్రంగా ఉన్నప్పుడే ఈ గొడవంతా.

మా ప్రొఫెసర్ మంచివారే, గొంతు పెంచరు. అదే నాకు భయం. మార్చిలోగా ఖాళీ సంచి ఖాళీగా కనిపించకపోతే నా అసిస్టెంట్‌షిప్ రెన్యూ చేయలేనని ఒకరోజు నెమ్మదిగా చెప్పారు. అది పోతే వీసా పోతుంది. సరిగ్గా తుడుస్తున్నావా అని కూడా అడిగారు. మంచినీళ్ళ గ్లాసు కూడా మూడుసార్లు తోమేదాన్ని నేను. ఒళ్ళు మండిపోయింది. యెస్ సర్ అని వచ్చేశాను.

ఓజోన్‌కో ఏమో మొదట్నుంచీ తలనొప్పి ఉండేది, ఆ కోపానికి ఇంకా పెరిగింది. అమ్మ పంపిన బామ్ నుదుటికి దట్టంగా పట్టించి సంచిలోకి దూరేదాన్ని. ముల్లు లేస్తే తల ఇంకా పగిలిపోయేది, ఇంకా పట్టించేదాన్ని. లోపల్నుంచి చూస్తే గదంతా మసకగా కనిపించేది. ఎవరైనా బయటినుంచి జిప్ వేసేస్తే అరిచినా వినపడదనిపించేది. ఇంటికి పోదామంటే సగం చదువుతో ఏ మొహం పెట్టుకుని పోను? ఉందామంటే ఈ సంచి. ఏడుస్తూ తుడిచిన చోటే మళ్ళీ తుడిచేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా తెలుగు ప్రార్థన కూటానికి వెళ్ళాను. మాకు చర్చి భవనం లేదు. గుంటూరు నుంచి వచ్చిన ఒక నర్సు ఆంటీ ఇంట్లో కూడేవాళ్ళం. నేను కోటు విప్పుతుంటే ఆవిడ నవ్వింది.

"నువ్వు డోర్ దగ్గరుండగానే నీ బామ్ లోపలికొచ్చేసిందమ్మా. ఆ కోటు గరాజ్‌లో పెట్టు, లేకపోతే బిర్యానీ కూడా అదే స్మెల్ కొడుతుంది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. బామ్‌లో ఉండేది ఏమిటి? కర్పూరం, నిమ్మగడ్డి నూనె, యూకలిప్టస్ నూనె. ఆ నూనెల ఆవిరి ఓజోన్‌తో కలిస్తే కణాలు పుడతాయని నా నోట్‌బుక్‌లో నా చేత్తోనే రాసుకున్నాను. మురికి గాలిలో ఆ ఆవిరి అప్పటికే ఉన్న కణాల మీద వాలిపోతుంది. శుభ్రమైన గాలిలో వాలడానికి చోటు లేక, తనలో తానే ముద్దకట్టి కొత్త కణమవుతుంది. ఆ మధ్యాహ్నం ఏం ప్రార్థించానో నాకు గుర్తు లేదు.

మూడు రోజులు బామ్ ముట్టలేదు. తలంటుకున్నాను, ఉతికిన బట్టలే కట్టుకున్నాను, సంచి లోపలంతా కడిగాను. ముల్లు కదల్లేదు. గాజు ముక్క మీద రవ్వంత బామ్ రాసి లోపల పెట్టాను. లేచింది.

దాచేద్దామనిపించింది. కానీ అన్ని వారాల లెక్కలూ తప్పని చెప్పకపోతే ఎలా? వెళ్ళి చెప్పేశాను. ప్రొఫెసర్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ వాసన మా అందరికీ వచ్చేది. మీ మతంలో ఏదో ఆచారం అనుకున్నాం. అడిగితే బాగుండదని ఊరుకున్నాం."

నేను బాప్టిస్టుని. ఆయనా బాప్టిస్టే. చలికాలమంతా వాళ్ళ మర్యాదకి నేను ఆ సంచిలో ఉడికిపోయాను. చెడ్డ కోపం వచ్చింది. ఆయన అప్పటికే నా అసిస్టెంట్‌షిప్ రెన్యూవల్ కాగితాల మీద సంతకం పెడుతున్నారు, అందుకని థాంక్యూ అన్నాను.

ఇంకో ఏడాది అదే సంచి. బామ్ మానేశాను. తలనొప్పి మానలేదు.