హోయిట్ ఊదిన చివరి ఆకారం

నార్త్ కరోలినాలో మా వైపు ఎర్ర మట్టి అంటని కాలు ఉండదు. కాలేజీలో కుండల చదువు సగంలో వదిలేశాను గాని, కట్టెల బట్టీని చూపుతోనే వెలిగిస్తానని మూడు కౌంటీల్లో నాకు పేరు. నమ్మకపోతే మా పక్కింటి ఓర్లీనక్కని అడగండి. ఆమె కాదంటుంది, అది వేరే సంగతి.

ఓర్లీనా, ఆమె భర్త హోయిట్ చేసేవి కూజాలూ కావు, బొమ్మలూ కావు. మూతి, పిడి, నగిషీ ఏదీ లేని నున్నటి బోలు ఆకారాలు. చిన్న బెజ్జంలోంచి హోయిట్ లోపలికి ఊదితే సొట్టలన్నీ ఉబ్బి సర్దుకునేవి. వెంటనే బెజ్జం మూసేవాడు. ఆరాక, కాల్చేముందు మళ్లీ సూదితో పొడవాలి. లోపలి గాలికి దారి లేకపోతే బట్టీలో పేలి పక్కవాటినీ పగలగొడుతుంది.

చివరిది ఊది మూసిన వారానికే గుండె ఆగి పోయాడు హోయిట్. అది కాల్చకుండా పచ్చిగానే వంటింటి అలమరలో ఉండిపోయింది. దాని ముందు ఓర్లీనా గొంతు తగ్గించి మాట్లాడేది. ఎవరి ముందూ తగ్గని నేనూ తగ్గించేవాణ్ణి.

ఈ వసంతంలో వానలు వదల్లేదు. చెమ్మకి దాని అడుగున వెంట్రుకంత బీట పడింది.

"కాల్చకపోతే మట్టైపోతుందక్కా."

"పొడిస్తే ఆయన పోతాడ్రా డెల్మర్. లోపలున్నది ఆయన ఊపిరి."

"పొడవకుండానే పెట్టు. నా చూపుకి భయపడి పేలదులే."

"నీ చూపుకి అగ్గిపుల్ల కూడా అంటుకోదు."

మట్టైపోవడం కంటే అదే నయమనుకుందేమో, ఓర్లీనా బీటకి అతుకు పట్టేలా వెనిగర్ కలిపిన మట్టి పులిమింది. ఆరాక సూదితో పొడిచి, బెజ్జానికి పెదవులు ఆనించి లోపలి గాలి పీల్చింది. నేను కిటికీ వైపు తిరిగాను.

"ఏమైనా వచ్చిందా?"

"మట్టి వాసన. ఆయన నమిలే పొగాకు వాసన కూడా అని ఊళ్లో చెప్పుకో, ఎలాగూ చెప్తావు."

తొలిసారి కాల్చాక, హోయిట్ కలిపిన తెల్ల గాజుపూత బకెట్టు అడుగున మిగిలినదంతా దానికే పోసింది. బట్టీలో కరిగే గాజు బెజ్జాన్ని మూసేయకుండా చుట్టూ పూతని తడిగుడ్డతో తుడిచింది. మళ్లీ కాల్చి తీస్తే చల్లారుతున్న పూత ఇంకా టింగు టింగుమంటోంది. దాన్ని వంటింటి కిటికీలో పెట్టింది.

కొన్నాళ్లకి బెజ్జం ముందు సాలీడు దారం ఒకటి వేలాడింది. పొద్దున ఎండ పడగానే అది బయటికి ఊగింది. సాయంత్రం చల్లబడ్డాక బెజ్జం వైపు వాలింది. తలుపులు, కిటికీలు మూసే ఉన్నాయి.

"వేడికి గాలి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. అంతేనక్కా," అన్నాను. చదువులో నాకు అబ్బింది ఆ ముక్కే.

"ఆయనా అంతేగా," అంది ఓర్లీనా. "ఎండొస్తే బయటికి, పొద్దుగూకితే ఇంటికి."

ఆ దారాన్ని ఇప్పటికీ దులపనివ్వదు. నేను ఆ వంటింట్లో సాయంత్రం దాకా కూర్చోను.