కన్నమ్మ వీడియోలూ, మా బావగారి కడుపుమంటా

మా బావగారికి అసూయ ఎక్కువ. డబ్బున్నవాళ్ళ మీద కాదు, పదవులున్నవాళ్ళ మీదా కాదు. ఎదుటివాడి ఇంట్లో వస్తువు తన ఇంట్లో వస్తువుకన్నా బాగా పనిచేస్తే ఆయనకి ఆ పూట అన్నం సయించదు. పేరు మోహనకృష్ణ. ఒడిశాలోని మా బరంపురంలో హైస్కూలు సైన్సు మేష్టారు. మా అక్క నాగవల్లి మొగుడు. వాళ్ళింటికి రెండిళ్ళ అవతలే మా ఇల్లు కనుక ఆయన కడుపుమంట సెగ నాకు బాగా తగులుతూ ఉంటుంది.

పక్కింటి వాసవీకుమారిగారు కొత్త వాషింగ్ మిషను కొన్నారు. బట్టలు ఉతకడం అయిపోగానే అది చిన్న పాట పాడుతుంది. బావగారు టీ గ్లాసు పట్టుకుని ప్రహరీ గోడ దగ్గర నిలబడి ఆ పాట పూర్తయ్యేదాకా విన్నారు. టీ చల్లారిపోయింది.

"మనది పాడదేటి?" అన్నారు లోపలికొచ్చి.

"మనది నడుస్తోంది కదండీ" అంది అక్క.

అదీ నిజమే. ఉతికేటప్పుడు ఊగి ఊగి అది బాత్రూము దగ్గర్నుంచి వంటింటి గుమ్మందాకా నడిచి వచ్చేది.

ఆ సాయంత్రమే బావగారు తన బ్లాగులో 'పాడే యంత్రాలు మనకి అవసరమా?' అని ఒక వ్యాసం రాశారు. ఆయన అసూయకి విడుదల అక్కడే. బ్లాగు పేరు 'ప్లగ్గు పాయింటు'. ఇంట్లో మిక్సీ, వీధిలో కరెంటు, జేబులో ఫోను, ఇవే విషయాలు. నేను మంచి కెమెరా ఉన్న ఫోను కొన్నప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పరామర్శకి వచ్చిన మనిషిలాగా "బాగానే ఉందిరా ప్రేమ్" అన్నారు. మర్నాటి వ్యాసం పేరు 'బావమరుదులు, బడాయి ఫోన్లు'.

రాయడం ఆయనకి బాగా వచ్చు. వచ్చిన చిక్కల్లా చదివేవాళ్ళతోనే. మా ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు గాని, ఒడియా బళ్ళలో చదువుకున్నవాళ్ళం కావడంతో తెలుగు అక్షరాలు గబగబా చదవగలిగేవాళ్ళు తక్కువ. కాబట్టి ఆయన పాఠకులం నేనూ, భయం కొద్దీ మా అక్కా, దగ్గర్లోని దిగపహండి అనే ఊరి నుంచి ప్రతి వ్యాసం కిందా 'బాగుంది సార్' అని మాత్రమే రాసే ఒక పెద్దమనిషీ. ఆ పెద్దమనిషి చదవకుండానే రాస్తున్నాడని బావగారికి అనుమానం. అయినా ఆ రెండు ముక్కలూ రాకపోతే ఆ రోజంతా చిరాకుగా తిరిగేవారు.

ఇలా రోజులు గడుస్తూండగా మా దగ్గర్లోని చేపలపల్లె రామయ్యపట్నం నుంచి కన్నమ్మ వచ్చింది. మనిషి కాదు, ఆమె వీడియో.

కన్నమ్మ సముద్రం ఒడ్డున చాప మీద కూర్చుని చేపలు బాగుచేస్తూ ఫోనుతో కబుర్లు చెబుతుంది. చివర్లో ఎండుచేపలు కావలసినవాళ్ళు ఫోన్ చెయ్యమని నంబరు ఇస్తుంది. ఆ వీడియో నేనే బావగారికి చూపించాను. చూపించకుండా ఉండవలసింది.

"ఈ ఫోనుకి నోటితో సెప్తే రాసుకుంటాదంట" అంటోంది కన్నమ్మ అందులో. "నాను సందువ అంటన్నాను, సందువ సేప. అదేమో సదువు అని రాసిందంట, మా ఆయన సదివి సెప్పినాడు. మల్లీ సెప్పినాను. మల్లీ సదువు అనే అన్నాది. మా అయ్య ఏనాడూ నన్ను సదువు అన్లేదు. ఇన్నాళ్లకి ఈ ఫోను అంటన్నాది."

నేను నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాను. బావగారు నవ్వలేదు.

"మాట విని రాసుకునే ఫోన్ల గురించి నేను ఆరు నెలల కిందట ఎంత పెద్ద వ్యాసం రాశాను?" అన్నారు.

"చాలా పెద్దది బావగారూ."

"నువ్వు నవ్వావా?"

"అందులో నవ్వే చోటు ఎక్కడుందో తెలీలేదు."

"ఎంతమంది చూశారేటి ఈవిణ్ణి?"

అంకె చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. కళ్ళజోడు తప్పేమీ లేదు.

ఆ రోజు నుంచి ఆయనకి కన్నమ్మే పని. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మనిషి పొద్దున్నే పూజ ముగించుకుని, విభూతి ఆరకముందే, చేపలు తోమే వీడియోల ముందు కూర్చునేవారు. మా అక్క ముక్కు మూసుకునేది.

"వాసన రాదే" అనేవారు బావగారు.

"మీకు రాదు. నాకొస్తోంది" అనేది అక్క.

బ్లాగులో కన్నమ్మ మీద దాడి మొదలైంది. 'ఆ గాలి హోరులో మాట వినబడదు. ఇది వీడియోనా, తుపాను హెచ్చరికా?' అని ఒక రోజు. 'ఎండకి వీపు పెట్టి కూర్చున్న ఈ మనిషి మొహం ఎవరికైనా కనబడితే నాకు చెప్పండి' అని ఇంకో రోజు. దిగపహండి పెద్దమనిషి 'బాగుంది సార్' అన్నాడు.

విచిత్రం ఏమిటంటే, బావగారు గాలి మీద రాసిన మర్నాడు కన్నమ్మ గోడ చాటుకి మారింది. ఎండ మీద రాస్తే తూర్పుకి తిరిగి కూర్చుంది. వీడియోలు అంతకంతకూ బాగుపడ్డాయి. చూసేవాళ్ళు పెరిగారు. బావగారి ఆకలి తగ్గింది.

"మీ బ్లాగు చదువుతోందేమో" అన్నాను.

"ఆవిడకి అక్షరాలు రావు" అన్నారాయన, నా మొహం చూడకుండా.

ఒక శనివారం కన్నమ్మ ఛానెల్ మాయమైంది. వెతికితే ఏమీ లేదు. ఎండుచేపల కోసం ఆమె ఇచ్చే నంబరుకి ఫోన్ చేస్తే ఆమె భర్త వీరన్న సంగతి చెప్పాడు. ఎవడో ఆమె వీడియోలన్నీ తన పేరున పెట్టుకుని, కన్నమ్మే వాటిని దొంగిలించిందని ఎదురు ఫిర్యాదు చేశాడట. కంపెనీవాళ్ళు ఈమె ఛానెల్ మూసేశారు. ఎండుచేపల బేరాలన్నీ ఆ వీడియోల వల్లే వస్తున్నాయి. ఇప్పుడు బుట్టలు ఇంట్లోనే ఉండిపోయాయి.

ఈ వార్త వింటే బావగారు పాయసం వండిస్తారనుకుంటూ పరుగెత్తాను. ఆయన వింటూ వింటూ ఉప్మా పళ్ళెం పక్కన పెట్టేశారు.

"స్కూటర్ తియ్యరా" అన్నారు.

రామయ్యపట్నం చేరేదాకా వెనక కూర్చుని తొందరపెడుతూనే ఉన్నారు. నాకు లోపల ఒకటే ఆరాటం. కొంపదీసి ఆవిడని ఇంకా ఏడిపించడానికి వెళ్తున్నాడా ఈయన?

కన్నమ్మ వాకిట్లో వలల పక్కన దిగులుగా కూర్చుని ఉంది. బావగారు "కన్నమ్మా" అన్నారో లేదో, మొహం చూడకుండానే లేచి నిలబడింది.

"మేష్టారు కదా? మీ గొంతు ఎక్కడున్నా పోల్చీగల్ను. ఓలయ్యో, ఇంత దూరం వొచ్చీసినారేటి?"

నేను వెర్రిమొహం వేశాను. "మా బావగారి గొంతు నీకెలా తెలుసు?"

"తెల్దేటి బాబూ? రోజూ వాయిస్ పెడతారు కదా" అంటూ ఫోన్ నొక్కింది. బావగారు ఆపబోయారు గాని ఫోన్ అప్పటికే మాట్లాడేస్తోంది.

'కన్నమ్మా, మేష్టార్ని. గోడ చాటున కూర్చుని మాట్లాడమ్మా. నీ మాట చాలా బాగుంటుంది. గాలి ఎత్తుకుపోతోంది, అంతే.'

ఇంకొకటి నొక్కింది. 'తూర్పుకి తిరిగి కూర్చో తల్లీ. నువ్వు నవ్వితే జనానికి కనబడాలి కదా.' మరొకటి. 'ఈ సంగతి మా బావమరిదికి తెలియనివ్వకు. వాడు ఊరంతా చెప్పేస్తాడు. నా బ్లాగు పరువు పోతుంది.'

బావగారు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి అక్కడ అన్ని తిట్లు రాశారేం?" అన్నాను.

"కడుపుమంట నిజమేరా. అది ఎక్కడో కక్కాలి కదా" అన్నారు. "కానీ ఆవిడ బాగా మాట్లాడుతోంది. వినబడకపోతే ఎలా?"

వీరన్న కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చాడు. ఆ పూటంతా అరుగు మీద కూర్చుని బావగారు కంపెనీకి ఇంగ్లీషులో ఫిర్యాదు రాశారు. కన్నమ్మ ఫోనులో మిగిలి ఉన్న అసలు వీడియోలన్నీ జతచేశారు. కంపెనీ నుంచి 'మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది' అని జవాబు వచ్చింది. అది మనిషి రాసింది కాదని నేనన్నాను. "మర్యాదగా రాశారు కదరా" అని దానికీ ఓపిగ్గా జవాబిచ్చారు. ఆ తరవాత రోజుల్లో బడికి సెలవు పెట్టి మరీ రాశారు. విసిగిపోయి కాబోలు, చివరికి అవతల ఒక మనిషే పలికాడు. ఛానెల్ తిరిగి వచ్చింది. దొంగది మూతపడింది.

ఆ తరవాత కన్నమ్మ పెట్టిన మొదటి వీడియో బావగారి మీదే. "మా మేష్టారు" అంటూ మొదలుపెట్టింది. "సేప తినరు గాని, సేపలమ్ముకునేదాని కోసం కంపెనీతో దెబ్బలాడినారు. మంచి మనిషి. ఫోన్ల గురించి ఆయనకి తెల్నిది నేదు. రాస్తారు కూడా. నాకు సదువు రాదు, మీరు సదవండి."

ఊరంతా చూసింది. పెద్ద బజారులో కూరలవాళ్ళు కూడా "నమస్కారం మేష్టారూ" అన్నారు. వాసవీకుమారిగారు గోడ మీంచి పిలిచి మరీ మెచ్చుకున్నారు.

సంబరంగా ఉంటారని వెళ్ళాను. బావగారు అన్నం ముందు దిగులుగా కూర్చుని మెతుకులు కెలుకుతున్నారు.

"మళ్ళీ ఎవరి మీద కడుపుమంట బావగారూ?"

"ఆ వీడియోలో మేష్టారు లేడూ, ఆయన మీద" అన్నారు. "నేను ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కడు పలకరించలేదు. వాడి సంగతి రెండు నిమిషాలు వినబడిందో లేదో, బజారంతా దణ్ణాలు పెడుతోంది."

అక్క ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.