పేరు దొరకలేదు

ఆసుపత్రికి కొత్త కంప్యూటర్ వచ్చిన వారానికే మా పిన్నిని రంగత్ ఊరి నుంచి అంబులెన్స్‌లో తెచ్చారు. పాత మిషన్ ఉండగా తెచ్చి ఉంటే నాకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కష్టాలకు మన వీలూ సాలూ ఎక్కడ పడుతుంది.

అప్పట్లో నేను అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. పిన్నికి అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్‌కి సిద్ధమవుతూ డాక్టరు గారు బాబాయిని ఒకటే అడిగారు, ఆవిడకి ఏ మందైనా పడదా అని. పడదు. కొన్నేళ్ల కిందట ఇదే ఆసుపత్రిలో ఏదో ఇంజెక్షన్ ఇవ్వగానే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, పిన్ని చావు తప్పి బయటపడింది. ఆ మందు పేరు మాత్రం బాబాయికి గుర్తు లేదు.

"చివర్న సిన్ అని వస్తాది డాక్టర్ సాబ్. ఏదో సిన్."

మందుల షాపులో సగం పేర్లు సిన్‌తోనే ముగుస్తాయి. మామూలు రోజుల్లో అయితే డాక్టరు గారు అనుమానం ఉన్నవన్నీ పక్కన పెట్టి ఇంకోటి వాడేవారు. కానీ మెయిన్‌ల్యాండ్ నుంచి షిప్ రాలేదు. స్టోరులో ఆ పనికి పనికొచ్చే మందులు రెండే మిగిలాయి. రెండూ సిన్‌లే. ఆయన నా వైపు తిరిగి, "పురానా రికార్డ్ నికాలో, జల్దీ. జ్యాదా రుక్ నహీ సక్తే" అన్నారు. మునుపటి రికార్డు వెంటనే తియ్యమని, ఎక్కువసేపు ఆగలేమని.

రికార్డు కంప్యూటర్‌లోనే ఉంది. మునుపటి పేషెంట్ల వివరాలున్న డేటాబేస్‌ని కొత్త మిషన్‌లోకి కాపీ చేశారు. అయితే ప్రోగ్రాం ఒక చోట, డేటాబేస్ ఇంకో చోట. రెండింటినీ కలపడానికి మధ్యలో డ్రైవర్ అని ఒకటి కావాలి. ఏ డ్రైవర్‌తో ఏ డేటాబేస్ దగ్గరికి వెళ్లాలో విండోస్‌లో ఒక పేరు పెట్టి నమోదు చేయాలి. ఆ పేరు పట్టుకునే ప్రోగ్రాం దారి వెతుక్కుంటుంది. మిషన్ బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి కొత్త పేషెంట్ల వరకు అంతా సరిచేసి, మిగతాది తర్వాత చూద్దాం అని షిప్ ఎక్కి చక్కా పోయాడు. ఇప్పుడు నేను బటన్ నొక్కితే తెర మీద ఎర్ర గుర్తుతో చిన్న పెట్టె. డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్.

డ్రైవర్ ఎక్కించాను. విండోస్‌లో ఈ సెట్టింగులకి ఒకేలాంటి కిటికీలు రెండుంటాయి, పాతకాలం ప్రోగ్రాములకొకటి, కొత్తవాటికొకటి. ఎందుకొచ్చిన గొడవని రెండింట్లోనూ 'హాస్పిటల్' అని పేరు పెట్టి, డేటాబేస్ చూపించి, టెస్ట్ నొక్కాను. కనెక్షన్ సక్సెస్‌ఫుల్ అంది. ప్రాణం లేచొచ్చింది. ప్రోగ్రాంలోకి వెళ్లి నొక్కాను. నాట్ ఫౌండ్. ఈ కౌంటర్లో అడిగితే ఉందంటారు, ఆ కౌంటర్లో అడిగితే లేదంటారు, అలాంటి ఆఫీసులో చిక్కుకుపోయినట్టుంది నా పని.

ప్రోగ్రాం సెట్టింగుల ఫైలు తెరిచాను. అందులో ఒక లైనులో డి.ఎస్.ఎన్. అని ఉంది, పెట్టెలో నాట్ ఫౌండ్ అన్న డేటా సోర్స్ నేమ్ అదే, దాని పక్కన ఈక్వల్ గుర్తు, ఆ పక్కన ఇంగ్లీషు అక్షరాలు నాలుగు. పి, ఎ, టి, ఎ.

పతా. అంటే అడ్రసు. నేను చదివింది హిందీ మీడియం. ఇంట్లో, చర్చిలో తెలుగే మాట్లాడతాను గానీ, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట ఏది కనిపించినా నాకు ముందు హిందీలోనే వినిపిస్తుంది. ఇక్కడ అడ్రసు రాయాలి కాబోలు, నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న పెద్దాయన రాయకుండా వదిలేశాడు అనుకున్నాను. ఆయన వయసు మీద పడి పని మానేసి శ్రీకాకుళం వెళ్లిపోయాడు. ఆయన్ని తిట్టుకుంటూ ఆ నాలుగు అక్షరాలూ చెరిపి కంప్యూటర్ నెట్‌వర్క్ అడ్రసు కొట్టాను. నాట్ ఫౌండ్. డేటాబేస్ ఉన్న ఫోల్డర్ అడ్రసు కొట్టాను. నాట్ ఫౌండ్. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. అది ఆదివారం మధ్యాహ్నం నిద్ర లేచినట్టు తీరిగ్గా లేచి వెల్‌కమ్ అంది. దాని మొహం.

పెద్దాయన ఫోన్ స్విచాఫ్. కంపెనీ వాళ్లకి చేస్తే మెయిల్ పెట్టండి మేడమ్ అన్నారు. మెయిల్ పెట్టడానికి పొద్దున్నుంచీ నెట్ లేదు. ఉన్న రోజుల్లోనే ఒక పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

గోడ అవతల నుంచి పిన్ని మూలుగు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి అది కూడా తగ్గింది. తగ్గడం ఇంకా భయం. నన్ను రంగత్ నుంచి తీసుకొచ్చి, ఇక్కడే గరాచర్మలో తెలిసినవాళ్లింట్లో పెట్టి, కంప్యూటర్ కోర్సులో చేర్పించింది ఆవిడే. నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య ఆవిడ ఇప్పించిందే, అది ఆవిడకే అక్కరకు రావడం లేదు. కొట్టే అక్షరాలు తప్పు పడుతున్నాయి. ఏడిస్తే తెర కనపడదని ఏడవలేదు.

నర్సు తలుపు తోసి, "దీదీ, డాక్టర్ సాబ్ ఔర్ నహీ రుకేంగే" అని, డాక్టరు గారు ఇంక ఆగరని చెప్పి వెళ్లిపోయింది. ఆమె వెనకే బాబాయి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"నాదే గల్తీ బేటీ. అప్పుడే డాక్టరు మందు పేరు చీటీ రాసిచ్చినాడు, సంభాల్‌కే రఖో, జాగ్రత్తగా దాచుకో అన్నాడు. ఇల్లు మారినప్పుడు అన్నీ తెచ్చినాం, ఆ చీటీ పాత ఇంట్లో వొగ్గీసినాం. పాత బీరువాలో ఉండిపోనాది. ఆ పాత బీరువా కూడా అమ్మేసినాం. ప్రభువా, నేనేటి చేసేది."

మూడోసారికి గానీ ఆ మాట నా చెవికి తగల్లేదు. పాత.

శ్రీకాకుళం మనిషి పి, ఎ, టి, ఎ అని కొడితే అది పతా ఎందుకవుతుంది? పాత. పాత పేషెంట్లు. అది రాయకుండా వదిలేసిన చోటు కాదు, అదే పేరు. ప్రోగ్రాం ఇంతసేపూ ఆ పేరే అడిగింది. నేనేమో వేరే పేరు పెట్టి, ఉన్న పేరు చెరిపేసి, దాని నోట్లో అడ్రసులు కుక్కుతూ కూర్చున్నాను.

సెట్టింగుల లైనులో నేను కొట్టిన చెత్తంతా తీసేసి ఆ నాలుగు అక్షరాలూ తిరిగి పెట్టాను. రెండు కిటికీల్లోనూ 'హాస్పిటల్' తీసి అవే పెట్టాను. బటన్ నొక్కాను. తెర తెల్లబడింది. పేర్లు ఒకదాని కింద ఒకటి దిగుతూ వచ్చాయి. పిన్ని పేరు, ఊరు రంగత్, దాని కింద మందు పేరు, ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదని పెద్ద అక్షరాల్లో.

ప్రింటు కోసం ఆగలేదు. పెన్నుతో అరచేతి మీద రాసుకుని పరిగెత్తాను. ఆపరేషన్ గది తలుపు దగ్గర డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని చదివారు. లోపలికి వెళ్లి, ట్రేలో అప్పటికే మందు ఎక్కించి ఉంచిన సిరంజి తీసి చెత్త డబ్బాలో పడేశారు. ఆ రెండో మందు తెమ్మని నర్సుతో అన్నారు.

బయట గోడకి మొహం ఆనించి ప్రార్థన చేసుకుంటున్న బాబాయి వెనక్కి తిరిగి, "మిలా బేటీ?" అన్నాడు. దొరికిందని తలూపాను. పిన్ని కుట్లు మానాక రంగత్ బస్సెక్కింది. ఆ సిరంజి సంగతి వాళ్లిద్దరికీ నేను ఇప్పటికీ చెప్పలేదు.