గువ్వతో గెలిచిన షంషాదక్క

ఆళ్లగడ్డ బస్టాండు ఎదుటి జెరాక్సు అంగడి షంషాదక్క పోయింది. గడిచిన శుక్రవారం మధ్యాహ్నం గుండెపోటు వచ్చి, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం విడిచింది. సంజామల మండలంలోని మా పాఠశాలలో ఎనిమిదో తరగతికి సంధులు చెబుతుండగా ఆమె చెల్లెలు నూర్జహాన్ ఫోన్ చేసింది. "అన్నా, అక్క పాయ" అన్నది అంతే. "ఏ అక్క?" అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నాకు ఉన్నది ఒక్క అక్కే. పిల్లలకు ఏం చెప్పి బయటికి వచ్చానో నాకు గుర్తు లేదు.

విద్వత్సభలు ఆమెను ఎరుగవు. ఆమె చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది. సన్మాన పత్రాలు ఎన్నో జెరాక్సు తీసింది గానీ తాను ఒక్కటీ అందుకోలేదు. అయినా నీ గురువెవరని అడిగితే, తెలుగు పండితుణ్ణయి ఉండి కూడా, ఛందస్సు నేర్పిన మహానుభావుల కంటే ముందు ముక్కలాట నేర్పిన షంషాదక్క పేరే చెబుతాను. పేకాట అనుకుని ముఖం చిట్లించకండి. కాస్త ఓపిక పట్టండి.

తొంభైల చివరి మాట. సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు రాలేదు. అహోబిలం దర్శనానికి బెంగళూరు నుంచి వచ్చిన యాత్రికుడెవరో ఇంటికి ఫోన్ చేసుకోవడానికి ఆమె అంగట్లోని ఎస్టీడీ బూతులో దూరి, మృగాల బొమ్మలున్న ఏదో విదేశీ ఆట ముక్కల పెట్టె మరిచిపోయాడు. అతడు మళ్లీ వస్తాడని ఏడాది పాటు దాచింది. రాలేదు. అప్పుడు నిఘంటువు ముందు పెట్టుకుని ఒక్కొక్క ముక్క మీది ఇంగ్లీషునూ తెలుగు చేసింది. డ్రాగన్‌కు "రెక్కల పాము" అని పేరు పెట్టింది. ఏ పిట్టో అంతుపట్టని ఒక చిన్న పిట్టకు "గువ్వ" అని పెట్టింది. వాటిని జెరాక్సు తీసి, మిగిలిపోయిన శుభలేఖల అట్టలకు అంటించి, ఆదివారాలు అంగడికి చేరే మా నలుగురైదుగురికీ పంచింది. మేము వాటిని మారకం చేసుకునేవాళ్లం.

ఆట ఇద్దరిది. ఉన్న ముక్కల్లోంచి నచ్చిన అరవై ఏరుకుని ఎవరి కట్ట వాళ్లు కట్టుకోవాలి. చెరి ఇరవై ప్రాణాలు. మృగాలను దించి ఎదుటివాడి ప్రాణాలు తీయాలి. ఎదుటి మృగాన్ని చంపడానికి బాణం ముక్కలుంటాయి, అసలు దిగకుండానే ఆపడానికి అడ్డుముక్కలుంటాయి. లాగడానికి కట్టలో ముక్క మిగలనివాడు ఓడినట్టే. మేమంతా పులులనూ ఏనుగులనూ పోగేసుకుంటే షంషాదక్క కట్ట నిండా అడ్డుముక్కలే. మనం ఎంతో ఆశగా పులిని దించబోతామా, ఆమె చూపుడు వేలు బల్ల మీద ఆనించి, "ఆగప్పా. నేను ఒప్పుకోలా" అని ఒక ముక్క వేసేది. పులి పోయేది. ఏనుగు పోయేది. "ఈయమ్మతో ఆడేదానికంటే కిరసనాయిలు క్యూలో నిలబడేది మేలు" అని నంద్యాల ఎలక్ట్రీషియన్ శేషన్న విసుక్కునేవాడు. అంగడికి వచ్చేవాళ్లకూ అదే మర్యాద. జీపు పోతుందని యాత్రికులు తొందరపెడితే, "నరసింహసామి యాడికీ పోడు లేప్పా, ఆగు" అనేది. సౌమ్యురాలని అబద్ధం రాయను. ఆమె నోటికి ఆళ్లగడ్డలో భయపడని వాళ్లు లేరు.

నా అజ్ఞానానికి గుర్తుగా ఒక్క ఆదివారం సంగతి చెప్పాలి. అప్పుడు నేను నంద్యాలలో బీఈడీ చదువుతున్నాను. ఒక వారం ఆళ్లగడ్డలో ఆడితే మరుసటి వారం నంద్యాలలో శేషన్న ఇంటి వసారాలో ఆడేవాళ్లం. అక్కను అనుకరించి నేనూ అడ్డుముక్కల కట్ట కట్టాను. ఇంకొక్క అడ్డం ఉంటే బాగుండునని ఒక మృగాన్ని తీశాను. మరొక్కటని ఇంకో మృగాన్ని తీశాను. చివరికి అరవై ముక్కలూ అడ్డాలే. శేషన్నను మూడు గంటల సేపు కాలు కదపనివ్వలేదు. మీసం మెలేస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే అతని ప్రాణాలు ఇరవైకి ఇరవై అలాగే ఉన్నాయి. నా కట్ట అయిపోయింది. ఓడిపోయాను. వసారా అంతా ఒకటే నవ్వు.

మా ఇంటికి పోదామని అక్కతో పాటే నేనూ ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ళ దాటినాక ఆమె అందుకుంది.

"తలుపు లేని ఇల్లు కట్టినావు గదా అబ్బీ. దొంగ రాడు, సరే. నువ్వెట్ల బయటికొస్తావ్?"

"ఈసారి రెక్కల పామును పెడ్తాలే అక్కా. నాలుగు దెబ్బల్లో అయిపోతాది."

"దాన్ని చూస్తానే శేషన్న చేతిలో ఉండే బాణాలన్నీ దాని మీదే ఏస్తాడు. పెద్దదాన్ని చంపేదానికే గదా వాడు దాచిపెట్టుకునేది. గువ్వను పెట్టు. గువ్వను చూసి ఎవుడూ తుపాకి తియ్యడు."

"అది ఒక్క ప్రాణమే గదక్కా తీసేది! ఇరవై తూర్లు పొడవాల."

"పొడవనీ. వానికి వేరే దావ లేకుండా నువ్వు చేసినాక, నీకు తొందర ఏంటికి? ఒక్క గువ్వ పెడితే యాభై తొమ్మిది అడ్డాలకు జాగా ఉంటాది. అడ్డం బేగ పడాల. గెలుపు నిదానంగా వచ్చినా పర్వాలేదు. అయితే ఒకటి. గెల్చేది దేనితోనో ముందు రాసుకో. అది రాయకుండా కట్ట కట్టగాకు."

అది ఒట్టి ఉపదేశం కాదు, ఆమె నియమం. ఏ కట్ట కట్టినా నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, అందరికంటే పైన "గెలుపు ముక్క" అని రాసి, ఎదురుగా దాని పేరు రాసేది. తక్కినవన్నీ దాని కిందే. మరుసటి ఆదివారం శేషన్న కళ్లెదుటే గువ్వను దించింది. అతడు నవ్వి వదిలేశాడు. రాబోయే మృగం కోసం బాణాలు పట్టుకుని కూర్చున్నాడు. ఏ మృగమూ రాలేదు. గువ్వ ఇరవై సార్లు పొడిచింది.

ఆమె బతికిందీ ఆ పద్ధతిలోనే. పెళ్లయిన రెండేళ్లకే పుట్టింటికి తిరిగివచ్చిన మనిషి. బంధువులు ఇది వద్దన్నారు, అది వద్దన్నారు. చాలావాటికి తలూపింది. "అన్నీ ఇడిస్తిని అబ్బీ. ఈ మిషను ఒక్కటి ఇడ్చలా" అని జెరాక్సు మిషను మీద చెయ్యేసి చెప్పింది ఒకసారి. ఆ మిషనుతోనే చెల్లెలి పెళ్లి చేసింది. తల్లిని చివరిదాకా సాకింది.

ఇక నా సంగతి. డీఎస్సీ రెండోసారి కూడా తప్పాను. అప్పటికి ఆళ్లగడ్డలో మా ఇంటికి వచ్చేశాను. నాయనకు ముఖం చూపించలేకపోయాను. గడ్డం పెంచుకుని, తలుపేసుకుని పడుకునేవాణ్ణి. పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేయడానికి మూటగట్టాను. అంతకంటే చీకటి ఆలోచనలు కూడా వచ్చాయి, దాచను. అప్పుడు అక్క కబురు పెట్టింది. "ఆడేవాళ్లు లేక కట్ట బూజు పట్టింది. ఆదివారం రమ్మను." నిజమే, శేషన్న పనుల్లో పడి మానేశాడు. తక్కినవాళ్లు తలో దిక్కూ పోయారు. మిగిలింది మేమిద్దరమే.

వెళ్లాను. ఆ రోజు నేనే గెలిచాను! ఎప్పటిలాగే అన్నిటికీ అడ్డం పడింది గానీ, ఆమె కట్ట ముందు అయిపోయింది. "గువ్వ రాలేదా అక్కా?" అంటే, "అడుగున పడిపాయ, పాడుది. బాగా ఆడ్తాండావ్ అబ్బీ. చదవతాండావా మళ్లా?" అంది. లేదన్నాను. "ముక్కలు లెక్కబెట్టే తలకాయ చదివేదానికి పనికిరాదా? వచ్చే ఆదివారం ఎంత చదివింటివో చెప్పి, ఆనాక కూర్చో." మరుసటి వారమూ గెలిచాను. ఆ మరుసటి వారమూ. గువ్వ ప్రతిసారీ అడుగునే ఉండేది. ఆ ఏడంతా షంషాదక్కను ఓడించిన ఏకైక వీరుణ్ణని రొమ్ము విరుచుకుని తిరిగాను. పుస్తకాల మూట విప్పాను. మూడోసారి డీఎస్సీలో నెగ్గాను. పెళ్లిలో, స్టాఫు రూములో, ఎక్కడ పడితే అక్కడ ఆ విజయగాథ చెప్పుకున్నాను. ఆమె ముందూ చెప్పుకున్నాను. "అవునప్పా, నాతో కాలా" అని ఒప్పుకునేది.

మొన్న మూడోనాడు అంగడికి వెళ్లాను. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. నూర్జహాన్ నోటుబుక్కు తెచ్చి, "ఇది నీకే పనికొస్తాదన్నా" అని చేతిలో పెట్టింది. నిలబడే పేజీలు తిప్పాను. ప్రతి పేజీ మీదా ఆ గుండ్రని చేతిరాతే: గెలుపు ముక్క, గువ్వ. గెలుపు ముక్క, గువ్వ. నేను రెండోసారి డీఎస్సీ తప్పిన ఏడాది తారీఖుతో ఒక కట్ట పేజీ వచ్చింది. కింద అరవై ముక్కల పేర్లు. వేలు పెట్టి రెండుసార్లు వెతికాను. అన్నీ అడ్డాలే. అందులో గువ్వ లేదు. అడుగున పడటం కాదు, ఆ కట్టలో అది ఎన్నడూ లేదు.

పేజీ పైన ఇలా ఉంది. గెలుపు ముక్క: నారాయణ.

నారాయణ అంటే నేనే. వయసు మళ్లుతున్న మనిషిని, ఆ అంగట్లో నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. ఒక్క ఆటా ఓడటం ఇష్టంలేని మనిషి, నా కోసం ఏడాది పాటు ప్రతి ఆదివారం కూర్చుని ఓడింది. ఆ మాట ఒక్కనాడూ నోరు జారలేదు. ఆమె కట్టిన కట్టల్లో అదొక్కటే గెలవడానికి ఏడాది పట్టింది. అది గెలిచిందని నాకు తెలిసేసరికి ఎదురుగా ఆమె లేదు. ఇటువంటి మనిషిని నేను మళ్లీ చూడను.

నూర్జహాన్ ఇక అంగడి మూసేస్తానంది. నేను చూపుడు వేలు ఆ బల్ల మీద ఆనించాను.

"ఆగమ్మా. నేను ఒప్పుకోలా."