ఇంటి పోగు

"గంజాయి మూటకు పట్టుపోగు కట్టినోడిని ఏమంటరు బావా? నువ్వే చెప్పు."

రోజారమణి చిన్నమ్మ గొంతు గోడ ఇవతలికి ఇనబడ్డది. మా బాపు ఐలేశం ఏదో గొణిగిండు. ఎంతైనా తమ్ముడు, అయిదేండ్లు జైల్ల ఉంచుతమా, హైకోర్టుల అప్పీలు ఎయ్యాలె అన్నడు. ఎయ్యిగాని, తన మొగని నోరు ఎవరు కుడ్తరని ఆమె అడిగింది.

లొల్లి అంతా మా చిన్నాయిన నరహరి గురించి. మర్రిగూడ దిక్కు ఆయనంత పనిమంతుడైన నేతగాడు లేడని ఆయనే చెప్పుకుంటడు. వేరేటోళ్లు చెప్పంగ నేను ఇనలే. పవర్‌లూము చీర కట్టుకున్న ఆడమనిషి ఎదురొస్తే అపశకునమని ఇంట్లకు తిరిగొస్తడు. పెండ్లికి పోతే పెండ్లిపిల్ల కొంగు పట్టి చూసి మూతి ఇరుస్తడు. మగ్గంల కాళ్లు పెట్టేది మాత్రం బుద్ధి పుట్టినప్పుడే. మిగిలిన పొద్దంతా అరుగు మీద కూసోని నేత ముచ్చట్లు. గా ముచ్చట్లతోని కుండల బియ్యం ఉడకయి గదా. కట్టంగూరు కాడ హైవే మీద దాబ నడిపే దోస్తు సరుకు తెచ్చిస్తే అమ్ముడు మొదలువెట్టిండు. నేసుడుకంటె అది సుఖమైన పని.

పట్టుబడ్డ తీరు ఇంకా సిగ్గుచేటు. మఫ్టీల వచ్చిన కానిస్టేబుల్ మొదటిసారి గంజాయి పేరే ఎత్తలే. చీరల బేరగాడినని వచ్చి, మగ్గం కాడ కూసోని, గిసుంటి అంచు ఇంకెవ్వడు నెయ్యలేడన్నడట. గంతే, చిన్నాయినకు వాడు సొంత అన్న అయిండు. రెండోసారి వచ్చి జర మత్తు సరుకు దొరుకుతదా అని అడిగితే, లోపలికి పోయి కిలోకు మించిన మూట తెచ్చి చేతుల పెట్టిండు.

ఉత్తగ పెడితే చిన్నాయిన ఎట్లయితడు? మగ్గం మీంచి దింపిన చీరను ఆ చీరదే మిగులు పోగుతోని కట్టి ఇచ్చుడు మా ఇండ్లల్ల అలవాటు. ముడి చూస్తే ఏ ఇంటి నేతనో తెలుస్తది. గంజాయికి గూడ గట్లనే, అక్కడక్కడ చిటికి ముడులు కట్టి రంగులద్దిన పట్టుపోగు చుట్టి, ఇంటి ముడి ఏసి ఇచ్చిండు. కానిస్టేబుల్ ఆ మూట పట్టుకొని సైగ చేస్తే బయట ఉన్నోళ్లు లోపలికి వచ్చిన్రు.

జిల్లా కోర్టు శిక్ష ఏసినంక, బాపు మాటే నెగ్గి కాయితాలు హైదరాబాదుల ఉష అనే వకీలమ్మ చేతికి పోయినయి. ఆమె అన్నీ తిరగేసి ఒక్క సందు దొరికిందన్నది. మూట పట్టుకున్న కాడ రాసిన పంచనామాల "నల్ల మిల్లు దారం" అని ఉన్నది. కట్టింది ఏందో కండ్లతోని చూసే ఓపిక గూడ రాసినోనికి లేదు. ల్యాబోళ్లేమో తమకు వచ్చిన మూటకు రంగుల పట్టుపోగు ఉన్నదని రాసిన్రు. పట్టుకున్న మూట, పరీక్ష చేసిన మూట ఒక్కటేనని ఎట్ల నమ్మాలె? గీ అనుమానం మీదనే ఇడిపియ్యొచ్చు, ఇంకో దారి లేదు, దారం సంగతి మీరెవ్వరు నోరెత్తొద్దు అని చెప్పింది.

గా మాట చెప్దామని ములాఖత్‌కు నేనే పోయిన. జాలీ అవతల చిన్నాయిన చిక్కిపోయి ఉన్నడు. చిన్నమ్మ ఎట్లున్నదని అడగలే. తన మగ్గం మీద ఎవడన్న కూసుంటుండా అని అడిగిండు. నేను వకీలమ్మ చెప్పింది మొత్తం ఇప్పి చెప్పిన. మిల్లు దారం అనంగనే ఆయన మొఖం మాడిపోయింది. ఇంటికొచ్చే ఆశ పుట్టినోని మొఖం గట్ల ఉండదు. జాలీకి నోరు దగ్గర పెట్టి, పక్క ఖైదీలు ఇనకుంట మెల్లగ అన్నడు.

"కొడుకా, నువ్వు డిగ్రీ సగమన్న చదివినవ్. జడ్జి సాబ్‌కు నా పేరు మీద ఒక అర్జీ రాయి. నరహరి తన జన్మల మిల్లు దారం ముట్టలేదు, అది చిటికి పట్టుపోగు, ఆ తప్పు దిద్దియ్యున్రి అని రాయి."