మొబీల్‌లో మా వదిన బిల్డింగ్

పొద్దున ఏడూ ముప్పై అయిదుకి న్యూ ఆర్లీన్స్‌లో రైలు కదిలింది. మా వదిన, అంటే మా ఆయన అక్క రాజ్యలక్ష్మి, అప్పటికి గంటన్నర ముందే నన్ను స్టేషన్‌కి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. కారులో దింపిన ఆమె భర్త అన్నయ్యగారు, రైలు తప్పిపోతుందన్న భయం కాదు, తనే బయల్దేరడం మానేస్తానేమోనని మీ వదిన భయం అని నా చెవిలో చెప్పి వెళ్లారు. వేళాకోళం అనుకుని నవ్వేశాను.

నేనుండేది మిషిగన్‌లో, నోవైలో. కారు సీట్లు టెస్ట్ చేసే ఆఫీసులో పని. మార్చి వచ్చినా మా వాకిట్లో మంచు కరగదు. నాలుగు రోజులు సెలవు పెట్టి, వెచ్చగా ఉంటుందని ఆడపడుచు ఇంటికి వచ్చాను. వచ్చిన రోజు భోజనాల దగ్గర, ఇప్పుడు మొబీల్‌కి రైలు వేశారట, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు, ఈసారి మీ బిల్డింగ్ చూపించాల్సిందే వదినా అన్నాను. ఆమె చారు కలుపుకుంటూ సరే అంది. అన్నయ్యగారు తలెత్తి ఆమె వంక చూశారు.

ఈ బిల్డింగ్ సంగతి తెలియనివాళ్లు మా బంధువుల్లో లేరు. వదిన కాకినాడలో సివిల్ డిప్లొమా చేసి, పెళ్లయి ఇక్కడికొచ్చి, న్యూ ఆర్లీన్స్‌లో ఓ చిన్న ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరింది. మొదట గీసినవాటిలో ఒకటి మొబీల్‌లో కట్టే బిల్డింగ్‌ది. అది అక్కడ అన్నిటికంటే ఎత్తైనదని ఆమె ఎప్పుడు చెప్పిందో, మేమే అలా అనుకున్నామో ఇప్పుడు తెలియదు. ఎవరింట్లో ఫంక్షన్ అయినా ‘మొబీల్‌లో నా బిల్డింగ్’ ఒకసారి రావాల్సిందే. ఊరి పేరు రాయడానికి మొబైలే, పలకడం మాత్రం మొబీల్. మా అమ్మాయి చిన్నప్పుడు అత్తయ్యకి ఫోన్‌లో బిల్డింగ్ ఉందని స్కూల్లో అందరికీ చెప్పింది. ముప్పై ఏళ్లలో వదిన ఆ బిల్డింగ్‌ని ఒక్కసారీ చూడలేదు. కారులో రెండున్నర గంటల దూరం. అడిగితే పొడవాటి బ్రిడ్జీల మీద కళ్లు తిరుగుతాయనేది.

టికెట్ ఒక్కొక్కరికి పదిహేను డాలర్లు. ముందే బుక్ చేసుకుంటే ఆ ధరకి దొరుకుతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. మొదటి గంట రెల్లు, బురద నీళ్లు, కొంగలు. తర్వాత రైలు ఒక్కసారిగా సముద్రపు పాయ మీదికి వస్తుంది. చుట్టూ నీళ్లే, పట్టాలు కనిపించవు. కళ్లు తిరిగే మనిషి కదా అని వదిన వంక చూస్తే, హాయిగా నీళ్లు చూస్తూ పులిహోర డబ్బా మూత తీస్తోంది. ఈ బ్రిడ్జి మీద కళ్లు తిరగలేదా వదినా అంటే, రైలు వేరు అంది.

బిలాక్సీలో దిగాల్సిన ఒక పెద్దావిడ మా ఎదురు సీట్లో ఉంది. ఒళ్లో గడ్డి టోపీ, చేతిలో అల్లిక. మేం ఎత్తైన బిల్డింగులు చూడ్డానికి వెళ్తున్నామని చెబితే, సముద్రం ఒడ్డుకి వచ్చి పైకి చూసేవాళ్లని మిమ్మల్నే చూశాను అంది. నేను ఊరుకోకుండా, వాటిలో ఒకటి ఈవిడే గీసింది అన్నాను. ఆవిడ వదిన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. వదిన మొహం ఎర్రబడింది. ఆవిడ దిగిపోయాక వదిన, అందరికీ ఎందుకు చెబుతావు లలితా అంది. ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్పింది మీరే కదా అన్నాను.

పదకొండూ ఇరవైకి మొబీల్. స్టేషన్ నది ఒడ్డునే ఉంది. ఒకపక్క ఓడల్లోకి సరుకెక్కించే క్రేన్లు, రెండోపక్క ఊరు. ఎత్తైనవన్నీ పదిహేను నిమిషాల నడకలోనే ఉన్నాయి. టాక్సీ అక్కర్లేదు, మంచి చెప్పులుంటే చాలు. ఒక టవర్ మాత్రం మిగతా వాటికి చాలా పైన, నెత్తిన సూదితో, క్లాస్ ఫొటోలో వెనక నిలబడ్డ పొడుగాయనలా ఉంటుంది. కొత్తది, మా వదిన డ్రాయింగుల కాలంది కాదు. అది మాత్రం రైల్లోంచే అర్థమైంది.  నా మొహంలో అది వదినకి కనబడే ఉంటుంది.

వెళ్లేవాళ్లకి ముందే చెబుతున్నాను, ఇలాంటి ఊళ్లలో పైకెక్కి ఊరంతా చూసే ఏర్పాటు ఉంటుందనుకోకండి. ఆ పెద్ద టవర్ లాబీలో సెక్యూరిటీ ఆవిడ, పైన ఆఫీసులు, లోపల పనిచేసేవాళ్లకే అని చాలా మర్యాదగా చెప్పింది. కావలసినంతసేపు సీలింగ్ చూసుకోమంది. చూసుకున్నాం. తర్వాత ఓ ఎత్తైన హోటల్‌కి వెళ్లాం. వదిన అక్కడే గది తీసుకున్నదానిలా నడిచి లిఫ్ట్ ఎక్కింది. గది కార్డు లేకుండా అది కదలదు. తలుపులు మూసుకున్న లిఫ్ట్‌లో ఇద్దరం గంభీరంగా నిలబడ్డాం. చాలాసేపటికి ఒకాయన ఎక్కి, కార్డు తాకించి, మీరు ఏ ఫ్లోర్ అని అడిగాడు. మీదే అంది వదిన. ఆయన ఇరవై రెండులో దిగాడు, మేమూ దిగాం. వరండా చివరి కిటికీలోంచి నది, నదికి అవతల ఇంకా కడుతున్న ఓడలు, దూరంగా ఎండకి తెల్లబడ్డ సముద్రపు పాయ. ఈ ప్రయాణంలో పైసా ఖర్చు లేకుండా దొరికిన గొప్ప దృశ్యం అదే.

పన్నెండున్నరకి భోజనం. నాకు రొయ్యల వేపుడు, వదినకి వంకాయ వేపుడు శాండ్‌విచ్. ఇద్దరికీ టిప్‌తో సహా ముప్పై రెండు డాలర్లు. ఒకటిన్నరకి, ఇక మీ బిల్డింగ్‌కి వెళ్దామా అంటే కాఫీ తాగుదాం అంది. కాఫీ అయ్యాక, పెద్ద పెద్ద ఓక్ చెట్లున్న పార్కులో ఉడతల్ని చూద్దాం అంది. చెట్ల కొమ్మలకి కిందటి నెల ఇక్కడి పండగ ఊరేగింపుల్లో విసిరిన పూసల దండలు ఇంకా వేలాడుతున్నాయి. ఉడతల ఫొటోలు పద్నాలుగు తీసింది. తిరుగు రైలు నాలుగున్నరకి. టైమ్ రెండూ పది.

ఏది వదినా అని చివరికి నిలదీశాను. బెంచీ మీద కూర్చుని, చెట్ల సందులోంచి వేలు చూపించింది. పదమూడు అంతస్తుల మామూలు ఆఫీసు బిల్డింగ్. దాని రెండు పక్కలా దానికంటే ఎత్తైనవి. ఊరిలో ఆరోదో ఏడోదో అయి ఉంటుంది. నాకు నవ్వాగలేదు. ఇదా మీ ఆకాశహర్మ్యం, ఇంతకీ ఇందులో మీరు గీసింది ఎంత అని అడిగాను.

“మెట్లు,” అంది. “నిప్పంటుకుంటే జనం దిగే మెట్లు. రెండు వందల అరవై ఆరు.”

నేనింకా నవ్వుతూనే ఉన్నాను. ఆమె నవ్వడం లేదు.

అప్పుడు చెప్పింది. సగం గీశాక తొమ్మిదో అంతస్తు ఎత్తు కాస్త పెంచారట. మెట్లన్నీ మళ్లీ లెక్క వేసి సరిచేసింది. ఒక్కటి తప్ప. పదో అంతస్తు తలుపు తీసి కిందికి దిగబోతే తగిలే మొదటి మెట్టు, మిగతావాటికంటే ముప్పావు అంగుళం లోతు. పైవాళ్లెవరూ పట్టుకోలేదు. ఆరు నెలల తర్వాత పాత కాపీలు సర్దుతుంటే ఆమెకే కనిపించింది. అప్పటికి కాంక్రీటు పోసేశారు. చెబితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు వీసా పోతుంది. చెప్పలేదు. తర్వాత గ్రీన్‌కార్డ్ వచ్చింది, భయానికి కారణం పోయింది, కానీ అప్పటికి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వచ్చి కూర్చుంది.

ముప్పావు అంగుళమేగా అన్నాను.

“నీకు తెలీదు లలితా. కాలికి అలవాటు ఉంటుంది. మెట్టు ఎక్కడుంటుందో చూడకుండానే అనుకుంటుంది. పొగలో, తొందరలో, వెనకాల జనం తోస్తుంటే, మొదటి మనిషి అక్కడ తూలితే?”

ఈ ఊరి దగ్గర తుఫాను అంటే చాలు, వదిన టీవీ ముందు నుంచి కదిలేది కాదు. తన బిల్డింగ్ మీద మురిపెం అనుకుని మేమంతా ఎంత ఏడిపించామో గుర్తొచ్చింది. అన్ని ఫంక్షన్లలో అన్నిసార్లు ఆ మాట ఎందుకు ఎత్తేవారు అని అడిగాను. ఎవరో ఒకరు అక్కడికి వెళ్లొచ్చి, బాగానే ఉంది, అందరూ బాగానే దిగుతున్నారు అని చెబుతారేమోనని, అంది. మాలో ఎవరమూ వెళ్లలేదు. వెళ్లినా మెట్ల గురించి ఎవరు చెబుతారు?

నేనే లేచాను. ఆమె చెయ్యి పట్టుకుని లేపాను. ఆ నాలుగు రోజుల్లో వదినకి నేను చేసిన సాయం అదొక్కటే.

రెండూ నలభైకి ఆ లాబీలో ఉన్నాం. కౌంటర్ దగ్గర ఎవరూ లేరు, గంట నొక్కితే బిల్డింగ్ చూసుకునే కర్టిస్ వచ్చాడు. అరవై దాటిన భారీ మనిషి, నడుముకి తాళాల గుత్తి. నేను చెప్పబోతుంటే వదిన నన్ను పక్కకి జరిపి, ఇంగ్లిష్‌లో నెమ్మదిగా, ఈ బిల్డింగ్ మెట్ల డ్రాయింగ్ నేనే గీశాను, పదో అంతస్తు దగ్గర ఒక తప్పు చేశాను, చూడాలి అంది. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆమెని పైనుంచి కిందికి చూశాడు.

“పద్దెనిమిదేళ్ల నుంచి మీ కోసం చూస్తున్నాను మేడమ్,” అన్నాడు.

తిడతాడనుకున్నాను. ఆయన లిఫ్ట్ బటన్ నొక్కాడు.

పదో అంతస్తులో బరువైన తలుపు తోసి మమ్మల్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ మెట్టు అంచున మందంగా పసుపు రంగు పట్టీ ఉంది. పక్క గోడ మీద, చూసి దిగండి అని రాసిన బోర్డు. వదిన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న టేపు తీసింది. పులిహోర డబ్బా పక్కన టేపు ఉందని నాకు తెలియదు. వంగి కొలిచింది. దాని కింది మెట్టు కొలిచింది. మళ్లీ మొదటిది కొలిచింది. ముప్పావు అంగుళమే. ఆ మెట్టు మీదే కూర్చుండిపోయింది.

ఎవరైనా పడ్డారా అని నేనడిగాను. కర్టిస్ గోడకి ఆనుకుని, ఒకడు పడ్డాడు అన్నాడు. వదిన తలెత్తింది. నేనే, ఉద్యోగంలో చేరిన మొదటి వారం, కాఫీ అంతా చొక్కా మీద పోసుకున్నాను, అన్నాడు. ఆ రోజే కొలిచి పట్టీ వేశాడట. అంతకుముందున్నాయన్ని కూడా అడిగాడట, తూలినవాళ్లున్నారు కానీ దెబ్బ తగిలినవాళ్లు లేరన్నాడట. ఏడాదికి రెండుసార్లు ఫైర్ డ్రిల్ పెట్టినప్పుడు తను వచ్చి ఈ మెట్టు దగ్గరే నిలబడి, దిగే ప్రతి మనిషికీ చెయ్యి అందిస్తాడు. లాబీలో నాకు గుడ్ మార్నింగ్ కూడా చెప్పని వకీళ్లు ఇక్కడ నా చెయ్యి పట్టుకుంటారు, అందుకని ఓనర్‌కి గట్టిగా చెప్పలేదు అన్నాడు. మళ్లీ తనే, అది సరదాకన్నాను, రెండుసార్లు చెప్పాను, ఖర్చని వదిలేశారు అన్నాడు.

వదిన కళ్లు తుడుచుకుంది. తర్వాత ఒక్కసారిగా మనిషి మారిపోయింది. కాగితం అడిగింది. ఆయన జేబులోంచి ఏదో రసీదు ఇస్తే, దాని వెనక గీసి చూపించింది. ఆ ఒక్క మెట్టు పగలగొట్టక్కర్లేదు, కింది ఎనిమిది మెట్ల మీద పలచగా పొరలు వేసుకుంటూ వస్తే తేడా అన్నిటికీ పంచినట్టు అవుతుంది, కాలికి తెలియదు, పెద్ద ఖర్చు కూడా కాదు. ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కన కూర్చుని అరగంట మాట్లాడుకున్నారు. నేను నిలబడి రైలు టైమ్ చూసుకున్నాను. ఓనర్‌కి వదినే ఉత్తరం రాయాలని, కింద తన పేరు పెట్టాలని తేలింది. గీసినావిడే ఒప్పుకుంటే వాళ్లు కాదనలేరు అన్నాడు కర్టిస్.

కిందికి లిఫ్ట్‌లో వద్దంది. పది అంతస్తులూ మెట్ల మీదే దిగాం. రెయిలింగ్ పట్టుకోకుండా, కింద చూడకుండా దిగింది. నా మోకాళ్లు అరుస్తుంటే, మిగతావన్నీ సమానంగా ఉన్నాయి చూశావా అంది. చూశానని చెప్పాను. నాకు మెట్లు మెట్లలాగే కనిపించాయి.

నాలుగున్నరకి రైలు సమయానికే కదిలింది. ఈసారి ఎడమవైపు కూర్చున్నాం. మొబీల్ చూడటానికి ఒక పూట చాలు. పెద్ద టవర్ బయటినుంచే అందంగా ఉంటుంది, మ్యూజియంలకి మాకు టైమ్ దొరకలేదు. వేసవిలో అయితే ఉక్కకి ఓర్చుకోవాలి. మార్చి బాగుంది. ఊరి బిల్డింగుల్ని కిందనుంచి చూసి ఎత్తు గురించి మాట్లాడుకుంటాం. వాటిలో ఎక్కడో ఒక తలుపు వెనక, ఎవరో కాపలా కాసే ఒక మెట్టు ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

దారిలో గల్ఫ్‌పోర్ట్ స్టేషన్ దాటేసరికి వదిన ఉత్తరం పూర్తి చేసి నాకు చదివి వినిపించింది. మొదటి పేరాలో మూడుసార్లు క్షమాపణ ఉంది. రెండు తీసేయమన్నాను. ఒకటి తీసేసింది. ఇక అన్నయ్యగారికి ఏమని చెబుతారు అని అడిగాను. ఆయనకి మొదటినుంచీ తెలుసు, నువ్వు వస్తున్నావనే నన్ను పంపించారు అని, పెన్ను మూత పెట్టి, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎనిమిదింబావుకి న్యూ ఆర్లీన్స్ వచ్చేదాకా లేవలేదు.